ఐదు బొమ్మలూ ఐదుగురు వేసినట్టున్నాయన్నారు: నా గీత నాకెట్ల వస్తుంది?

ఎర్రమట్టి_గీతలు | అనంతపురం | ఆగస్టు 9

అందరికీ నమస్తే. అనంతపురంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతాండా. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే పనే చేయాలని నాకు గట్టిగా ఉంది. నేర్పినోళ్ళు ఎవరూ లేరు. స్కూల్లో పెన్సిలు, తర్వాత ఫోన్‌లో ఐబిస్ పెయింట్, ఇప్పుడు పాత పెన్ టాబ్లెట్ ఒకటి కొనుక్కోని క్రిత అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో వేస్తాండా.

పోయిన నెల ఒక ప్రచురణకర్తకు ఐదు బొమ్మలు పంపినా. ఆయన మర్యాదగానే జవాబు రాసినారు. బాగా వేస్తున్నావమ్మా, కానీ ఐదు బొమ్మలూ ఐదుగురు వేసినట్టున్నాయి, నీది ఏదో తేల్చుకొని మళ్ళీ పంపు అన్నారు. ఆయన చెప్పింది నిజమే. ఒకటి జపాన్ కార్టూన్ల మాదిరి పెద్ద కళ్ళతో ఉంది. ఒకటి వాటర్‌కలర్ మాదిరి. ఇంకొకదాంట్లో గీతే లేదు, అంతా రంగు ముద్దలే. ఆ వారం ఏది చూసి ఉంటే అది నా చేతిలోకి వచ్చేస్తాంది.

ఇప్పుడు ఒక స్టైల్ ఎంచుకోని దాన్నే పట్టుకోవాల్నా? లేకపోతే స్టైల్ సంగతి పక్కనపెట్టి బేసిక్స్ చేయాల్నా? బేసిక్స్ అంటే రోజూ ఏం చేయాల? ఇంట్లో బ్యాంకు పరీక్షలకు కూచోమంటాండారు, నేను ఒక సంవత్సరం టైమ్ అడిగినా. ఆ సంవత్సరం ఎట్ల వాడుకోవాలో చెప్పండి. ఆ ఐదు బొమ్మలూ కింద పెట్టినా.


బురుజు_నీడ | కర్నూలు | ఆగస్టు 9

చెల్లీ, బొమ్మలు చూసినా. చేతిలో పట్టు ఉంది, అందులో అనుమానం లేదు.

ఆయన మాటలో రెండు సంగతులు కలిసిపోయినాయి. వాటిని విడదీయాల. స్టైల్ ఒకటి, నిలకడ ఒకటి. పుస్తకం వేసేవాళ్ళకు ముందు కావాల్సింది నిలకడ. మూడో పేజీలో పరిగెత్తే పిల్ల పదకొండో పేజీలో ఏడుస్తుంటే అదే పిల్ల అని నాలుగేళ్ళ బిడ్డ గుర్తుపట్టాల. నువ్వు పంపినవి ఐదు వేరు వేరు కథలకు వేసిన ఐదు అట్టల మాదిరి ఉన్నాయి. అందుకే ఆయనకు నీ మీద నమ్మకం కుదరలేదు. ఇది స్టైల్ కన్నా ముందు తీరాల్సిన సంగతి, తొందరగా తీరేది కూడా.

ఒక్క పాత్రను తీసుకో. మీ వీధిలో పిల్లో, మీ అవ్వో. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి, ముప్పావు వంతు తిరిగినట్టు వెయ్యి. తల ఎన్నిసార్లు పెడితే మనిషి నిలువు వస్తుందో రాసి పెట్టుకో. పెద్దోళ్ళకు ఏడు, ఏడున్నర తలలు, నాలుగైదేళ్ళ పిల్లలకు ఐదు తలలు ఉంటాయి. తర్వాత అదే పాత్ర కూచోవడం, వంగడం, బరువు మోయడం, అలగడం, నిద్రపోవడం వెయ్యి. అన్నీ ఒకే కాగితం మీద. ఇవి పంపితే ప్రచురణకర్త నిన్ను చూసే చూపే మారుతుంది.

ఒకటి అడుగుతా. నువ్వు వేసేటప్పుడు ఎదురుగా ఏముంటుంది? మనిషా, ఫొటోనా, ఇంకొకరి బొమ్మనా?


ఏడురోడ్ల_స్కెచ్ | కడప | ఆగస్టు 10

అక్కా, నేను కడపలో బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చేస్తాండా. నా మాట సూటిగా చెప్తా: స్టైల్ గురించి ఇప్పుడు ఆలోచించొద్దు. అసలొద్దు. చేతులు వేయడం రానోళ్ళు చేతుల్ని జేబుల్లో పెట్టి అదే నా స్టైల్ అంటారు. రాక చేసేది వేరు, వచ్చి కూడా వద్దనుకొని చేసేది వేరు. చూసేవాళ్ళకు ఆ తేడా తెలుస్తుంది.

రోజూ ఏం చేయాలంటే, పొద్దున అరగంట వేగంగా స్కెచ్‌లు. కడప ఆర్టీసీ బస్టాండే నా స్టూడియో. మనుషులు కదుల్తారని భయపడొద్దు. ప్రతి మనిషీ మళ్ళీ మళ్ళీ అదే భంగిమకొస్తాడు. బుడ్డలు (వేరుశనగ కాయలు) అమ్మే ఆయన పొట్లం కడతాడు, చిల్లర ఇస్తాడు, మళ్ళీ పొట్లం కడతాడు. ఒకే కాగితం మీద ఆయనవే మూడు బొమ్మలు మొదలుపెట్టి, ఏ భంగిమ తిరిగొస్తే ఆ బొమ్మకు పోవాల. బస్సు కోసం ఎదురుచూసే వాళ్ళు ఒక కాలి మీద బరువేసి నిలబడతారు. ఏ కాలి మీద బరువుందో ఆ వైపు నడుము పైకి లేస్తుంది, భుజం కిందికి దిగుతుంది. ఇదొక్కటి పట్టుకుంటే బొమ్మలో మనిషి నిలబడతాడు.

సాయంత్రం నిదానంగా ఒకటి. చెంబు, చెప్పు, మిక్సీ, ఏదైనా. కాగితం చూడకుండా వస్తువు అంచు మీదే కన్ను పెట్టి గీసేది ఒకటి. వస్తువును వదిలేసి దాని చుట్టూ ఉన్న ఖాళీ ఆకారాన్ని గీసేది ఇంకొకటి. ఈ రెండూ కన్నును మారుస్తాయి. తర్వాత డబ్బాలు, గొట్టాలు రకరకాలుగా తిప్పి వేయడం. డబ్బాను ఏ కోణంలోనైనా తిప్పగలిగితే తలకాయనూ తిప్పగలవు.

డిగ్రీ అయినాక కూడా చదవాలనుంటే ఏపీ ఏడీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీఎఫ్‌ఏకి రావచ్చు. కడపలో మా ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ 2020లో పెట్టినారు. అంతకుముందైతే మన సీమ పిల్లలు ఇంత దగ్గర్లో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ అనుకునే పనే లేదు.


దీపం_తెర | ధర్మవరం | ఆగస్టు 10

తమ్ముడూ, బస్టాండ్ సంగతి నాకు చాలా నచ్చింది, కానీ మొదటి మాట దగ్గర నేను ఒప్పుకోను.

నేను ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు వేస్తాను. మా ఊరికి దగ్గర్లోనే తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంట ఉంది. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది ఆ తోలుబొమ్మలకే. అక్కడ పిల్లలు చేయి పట్టుకొని నేర్చుకునేది మొదట ఎముకలూ కండలూ కాదు. కన్ను ఎట్ల సాగాల, ముక్కు యాడ తేలాల, నడుము యాడ సన్నబడాల, పాదం ఎట్ల తిరగాల అనేది మొదట్నుంచీ ఆ శైలిలోనే నేర్చుకుంటారు. శైలీ పనితనమూ ఒకేసారి వస్తాయి. ఒకటి అయినాక ఇంకొకటి అనే లెక్క అక్కడ లేదు.

ఆ శైలి అట్ల ఎందుకుందో చూడు చెల్లీ, నీ ప్రశ్నకు జవాబు అక్కడుందని నాకనిపిస్తుంది. మేకతోలును నానబెట్టి, శుభ్రం చేసి, గీకి పల్చన చేస్తారు. వెనక దీపం పెడితే వెలుతురు దాంట్లోంచి దిగుతుంది. అందుకే నగలకు రంగు పూయడం కన్నా చిల్లులు కొట్టడం మేలు. ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుతురే ముత్యాల మాదిరి మెరుస్తుంది. తెర మీద మనిషిని గుర్తుపట్టేది అంచు రేఖతోనే. అందుకే చాలా బొమ్మల ముఖాలు పక్కకు తిరిగి ఉంటాయి. ఎదురుగా చూసే ముఖం నీడగా పడితే గుండ్రటి ముద్ద అవుతుంది, పక్కకు తిరిగితే ముక్కు, పెదవి, గడ్డం అన్నీ చదవొచ్చు. బొమ్మ ఆడాల కాబట్టి భుజం, మోచేయి, మోకాలు విడివిడి ముక్కలుగా కోసి కడతారు. ఎవరో కూర్చొని మన స్టైల్ ఇట్లుండాలని తీర్మానం చేసింది కాదు. తోలు అడిగింది, దీపం అడిగింది, దూరంగా కూచున్న జనం అడిగినారు. ఆ అడిగినదానికి చేయి చెప్పిన జవాబులన్నీ కలిసి ఒక శైలి అయింది.

నా పనీ అంతే. గ్రాఫ్ కాగితం మీద గడులు నింపి డిజైన్ వేస్తే, దాన్ని బట్టి మగ్గానికి పెట్టే జాకార్డ్ అట్టలకు చిల్లులు కొడతారు. నెమలి మెడ వంపు గడుల్లో మెట్లు మెట్లుగానే వస్తుంది. ఆ మెట్లు కూడా అందంగా ఉండేట్టు వంపు తిప్పుకోవడమే నా పనితనం.

నీ బొమ్మ ఎక్కడ కనబడుతుంది? ఫోన్ తెర మీదా, పుస్తకంలోనా? పుస్తకమైతే ఎంత సైజు, ఏ కాగితం? చదివే బిడ్డకు ఎన్నేళ్ళు? ఆ ప్రశ్నలకు జవాబు చెప్పుకుంటూ గియ్యి. ఏ స్టైల్ అని అడగొద్దు.


బురుజు_నీడ | కర్నూలు | ఆగస్టు 11

దీపం_తెర అక్క చెప్పినదానికి అచ్చు పని చేసే వాడిగా ఇంకొంచెం చేరుస్తా.

పాత పత్రికల్లో బొమ్మలు అచ్చు వేయడానికి జింకు రేకుతో బ్లాకులు చేసేవాళ్ళు. లైన్ బ్లాక్‌లో నలుపు పడుతుంది, లేకపోతే తెల్లగా ఉంటుంది. మధ్యలో బూడిద రంగు పడదు. దానికి చుక్కల హాఫ్‌టోన్ బ్లాక్ కావాల, దానికి మంచి కాగితం కావాల, ఖర్చు ఎక్కువ. అందుకని కథకు బొమ్మ వేసేవాళ్ళు నీడనూ గుడ్డ మడతనూ వయసునూ అన్నీ గీతతోనే చెప్పాల్సి వచ్చింది. బాపు (1933–2014) బొమ్మలో ఆ గీత ఎంత పొదుపుగా ఉంటుందో చూడు. జడ ఒక్క వంపు, కన్ను రెండు గీతలు, మిగతాది ఖాళీ. చందమామలో శంకర్ (1924–2020) వేసిన విక్రమార్కుడి బొమ్మ చూడు. భుజం మీద శవం, చేతిలో కత్తి, వెనక శ్మశానం, అన్నిట్లోనూ సన్నటి గీతల నేత. ఇద్దరిదీ నల్ల సిరానే, కాగితం మీదే. ఒకరు తీసేసుకుంటూ పోయినారు, ఇంకొకరు చేర్చుకుంటూ పోయినారు. వడ్డాది పాపయ్య (1921–1992) దారి పూర్తిగా వేరు. ఆయన రంగుల్లో ఆలోచించిన మనిషి, ఆయన బొమ్మలో గీత రంగులోకి కరిగిపోతుంది.

పరిమితి ఒకటే అయినా ఎవరి జవాబు వాళ్ళది. స్టైల్ అని మనం పిలిచేది అక్కడ మొదలవుతుంది. అందుకని చెల్లీ, నీకు నువ్వే కొన్ని హద్దులు పెట్టుకో. ఒక నెల ఒక్క బ్రష్, నల్ల సిరా, ఏ4లో సగం కాగితం. రంగు కావాలంటే ఎర్రమట్టి రంగు ఒక్కటే. క్రితలో వందకు పైగా బ్రష్షులు ఉంటాయి, అన్నీ చేతికి అందేట్టు ఉంటే చేయి ఏదీ నేర్చుకోదు.


ఎర్రమట్టి_గీతలు | అనంతపురం | ఆగస్టు 12

అన్నా, అక్కా, తమ్ముడూ, ఇంత రాసినారు, రెండుసార్లు చదివినా.

బురుజు_నీడ అన్నా, మీరు అడిగిన ప్రశ్నకు జవాబు: నా ఎదురుగా ఎక్కువసార్లు ఇంకొకరి బొమ్మే ఉంటుంది. పింటరెస్ట్‌లో ఏదో నచ్చుతుంది, దాన్ని తెరిచి పెట్టుకోని వేస్తా. కాపీ కొట్టను, డ్రస్సు మారుస్తా, ముఖం మారుస్తా. కానీ చెట్టు ఎట్ల వేయాలో వాళ్ళను చూసే వేస్తా. ఇట్ల చేయకూడదా? అందరూ మాస్టర్ స్టడీ చేయమంటారు కదా, దానికీ దీనికీ తేడా ఏంది?

ఇంకొకటి, మన దగ్గర చూసి నేర్చుకోవాల్సిన బొమ్మలు ఏమున్నాయి? లేపాక్షికి స్కూల్ టూర్‌లో పోయినాము. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసేది, బసవన్న దగ్గర ఫొటో దిగేది, అంతే జ్ఞాపకం.


కొత్త_పెన్సిల్ | నంద్యాల | ఆగస్టు 12

నాదీ ఇదే ప్రశ్న. పైగా ఇప్పుడు ఏఐకి ఒక వాక్యం చెప్తే బొమ్మ వచ్చేస్తాంది. నేర్చుకోని ఏం లాభం అని ఫ్రెండ్స్ అంటాండారు.


డ్రాయింగ్_మాస్టారు | హిందూపురం | ఆగస్టు 13

అమ్మాయీ, నేను హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరుగా చేసి రిటైరయ్యాను. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు పిల్లల్ని తయారుచేసినవాణ్ణి. నీ ప్రశ్న చూసి సంతోషమైంది. లేపాక్షి హిందూపురానికి పదిహేను కిలోమీటర్లే. ఈసారి వెళ్ళినప్పుడు స్తంభం కిందికి కాదు, తలెత్తి పైకప్పు వైపు చూడు.

ఆ వీరభద్రాలయం 16వ శతాబ్దం నాటిది. విజయనగరం అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించారు. మండపాల పైకప్పు నిండా సున్నపు గార మీద వేసిన చిత్రాలున్నాయి. పార్వతీ కల్యాణం ఉంది. కిరాతార్జునీయంలో అడవిపంది ఉంది. ఆవుకు న్యాయం చేసిన మనునీతి చోళుడి కథ ఉంది. చాలావరకు కావి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు, నలుపు, అంతే. ఇంత తక్కువ రంగులతో అంత పెద్ద పెళ్ళి ఎలా చేశారో చూడు.

బొమ్మంతా కాపీ చేయవద్దు. అది చాలా శ్రమ, నేర్చుకునేది తక్కువ. ఒక్కో ప్రశ్న పట్టుకుని వెళ్ళు. మొదటిసారి చీరలు మాత్రమే చూడు. ఒక వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళలో ఈమె చీర పువ్వులు, పక్కామె చీర చారలు, ఆ పక్కామెది గళ్ళు. అంచులు ఒకదాన్ని ఒకటి పోలవు. దగ్గరదగ్గరగా నిలబడ్డ మనుషులు కలిసిపోకుండా ఆ అద్దకాలే విడగొడతాయి. ఎక్కడా నీడ వేయలేదు, అయినా గుంపు గుంపుగా కాక మనుషులుగా కనబడుతుంది. పిల్లల పుస్తకంలో సంతను వేయాలంటే నీకు పనికొచ్చేది ఇదే. ఇంకోసారి వెళ్ళినప్పుడు నల్ల గీత మాత్రమే చూడు. మరోసారి చేతులు మాత్రమే. నోటుబుక్కు మోకాళ్ళ మీద పెట్టుకుని పెన్సిలుతో గీసుకో, పక్కన రెండు ముక్కలు రాసుకో. ఇంటికొచ్చి పుస్తకం మూసేసి, అదే కిటుకుతో అనంతపురం సంతను వెయ్యి.

మాస్టర్ స్టడీ అంటే ఇదే. చెట్టు ఎలా ఉందని చూసి దించితే చెట్టు ఒక్కటే వస్తుంది. ఈయన ఆకులన్నీ ఎందుకు వేయలేదు, ఎక్కడ ఆపాడు, వెనక ఉన్న కొండ కనబడాలని ఎక్కడ ఖాళీ వదిలాడు అని అడుగుతూ దించితే ఆ మనిషి ఆలోచన నీకు వస్తుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఎవరో చూసిన చెట్టును నువ్వు చూస్తున్నావు. వాళ్ళు ఎక్కడో చలిదేశంలో ఉన్న చెట్టును చూశారు. మన రాయలసీమలో వేపచెట్టు, చింతచెట్టు, తుమ్మచెట్టు ఉన్నాయి. తుమ్మచెట్టు నీడ చల్లగా ఉండదు, చిల్లులు చిల్లులుగా పడుతుంది. నువ్వు దాన్ని ఎదురుగా కూర్చుని చూస్తే తప్ప నీ గీతలోకి రాదు.

నంద్యాల అబ్బాయీ, ఏఐ గురించి నాకు తెలిసినంతలో చెబుతాను. అది ఇప్పటికే ఉన్న లెక్కలేనన్ని బొమ్మల నుంచి నేర్చుకుని తీస్తుంది. నువ్వు నీ వీధిలో మాత్రమే చూసిన సంగతి దానికి అందదు. అందుకే ఇంటర్నెట్‌లో బొమ్మలు చూసి వేసే దారి కన్నా, బయటికెళ్ళి చూసి వేసే దారి ఇప్పుడు ఇంకా అవసరమైంది.


ఏడురోడ్ల_స్కెచ్ | కడప | ఆగస్టు 13

మాస్టారూ, లేపాక్షి గురించి మీరు చెప్పింది మా క్లాసులో చదివి వినిపిస్తా.

దీపం_తెర అక్కా, నిమ్మలకుంటలో మొదట్నుంచీ శైలిలోనే నేర్చుకుంటారన్నది నిజం. కానీ అక్కడ తరాల వెనకున్న శైలి ఒకటి తయారుగా ఉంది, చుట్టూ ఇల్లంతా అదే పని. ఎర్రమట్టి అక్కకు అట్లాంటి ఇల్లు లేదు. ఆమెకు ఆ పునాది నిజం మనుషుల్ని చూసి గీయడం నుంచే రావాల. నా మాట మీద నేనున్నా.


దీపం_తెర | ధర్మవరం | ఆగస్టు 13

ఆ తేడా ఉంది, ఒప్పుకుంటా తమ్ముడూ. అయినా చూసి గీసేటప్పుడు కూడా చేయి ఏదో ఒకటి వదిలేస్తుంది, ఏదో ఒకటి సాగదీస్తుంది. అది తప్పని దిద్దేసే ముందు ఒక్కసారి ఆగి చూడమంటా, అంతే.


ఎర్రమట్టి_గీతలు | అనంతపురం | నవంబరు 16

చానా రోజులకు వస్తాండా. మీరు చెప్పినవి చేస్తానే ఉన్నా. పొద్దున టవర్ క్లాక్ దగ్గర, సాయంత్రం ఇంట్లో. ఒక బ్రష్, నల్ల సిరా, ఎర్ర రంగు, ఇంకేమీ తాకలేదు. లేపాక్షికి పోయి చీరలు మాత్రమే చూసి వచ్చినా. మాస్టారు చెప్పినట్ల చూస్తే, అక్కడ ఇన్ని రకాల అద్దకాలు ఉన్నాయని ఇంతకుముందు కన్నుకు ఆననే లేదు.

మా పెద్దమ్మ వాళ్ళ ఊర్లో బుడ్డల పంట పీకే పని అవుతాంది. అక్కడ పొలంలో కూచోని వేసినవి ఇవి. మొదటి బొమ్మలో నలుగురు ఆడోళ్ళు వరసగా వంగి చెట్లు పీకుతాండారు. రెండోదాంట్లో కుప్ప పక్కన కూచోని కాయలు తెంపుతాండారు. మూడోది మా పెద్దమ్మ, తల మీద తువ్వాలు, గంప ఎత్తుకోని గట్టు దాటతాంది. మొహమాటం లేకుండా చెప్పండి. మీరు చెప్పేదాన్ని బట్టే తర్వాత ఏం చేయాలో చూసుకోవాల.


బురుజు_నీడ | కర్నూలు | నవంబరు 17

మొహమాటం లేకుండానే చెప్తా. ఆగస్టు బొమ్మలూ ఇవీ పక్కపక్కన పెట్టి చూసినా. ఆ ఐదూ నున్నగా ఉన్నాయి, ఇవి గరుగ్గా ఉన్నాయి. కానీ ఇవి ఒక మనిషి వేసినవి.

మొదటి బొమ్మ. నలుగురి వీపులూ ఒకే వంపులో ఉన్నాయి, ఒకరిని చూసి మిగతా ముగ్గురినీ నింపినట్టు. పొలంలో పని చేసే అలవాటున్న మనిషి నడుము దగ్గర మడిచి వంగుతుంది, వీపు దాదాపు నిటారుగానే ఉంటుంది. అలవాటు లేనోళ్ళు వీపును గుండ్రంగా వంచుతారు. ఎడమ నుంచి రెండో ఆమెలో అది సరిగ్గా పట్టుకున్నావు, ఆమెను నిజంగా చూసి వేసినట్టుంది. మిగతా ముగ్గురినీ అట్లే విడివిడిగా చూడాల. ఒకరు ఇప్పుడే వంగుతుండాల, ఒకరు చెట్టు విదిలించి మట్టి రాలుస్తుండాల, ఒకరు నడుం పట్టుకోని లేస్తుండాల. అప్పుడు ఒక్క బొమ్మలోనే పని అంతా జరుగుతుంది.

రెండో బొమ్మలో చేతులు కుప్ప వెనక దాచినావు. కాయలు తెంపే బొమ్మలో అసలు సంగతే వేళ్ళు. అక్కడే తప్పించుకుంటే ఎట్ల? వేళ్ళు మాత్రమే ఒక కాగితం నిండా వేసి పంపు.

గీత మందం అన్నిచోట్లా ఒకేలా ఉంది. బ్రష్‌తో వేస్తాండావు కదా, నొక్కితే లావవుతుంది, వదిలితే సన్నమవుతుంది. బరువు పడే చోట, నేలను తాకే చోట, మడత కింద లావు పెట్టు. వెలుతురు పడే వైపు సన్నంగా వదిలెయ్, కొన్నిచోట్ల తెంపెయ్. కళ్ళు సగం మూసి బొమ్మను చూడు, నలుపంతా ఎక్కడ చేరిందో తెలుస్తుంది. ఇప్పుడు నలుపు చుక్కలు చుక్కలుగా అంతటా చెదిరి ఉంది, అందుకే కన్ను యాడ ఆగాలో తెలీడం లేదు. చీరల్లో ఒక్కదాన్ని పూర్తిగా నల్లగా నింపు.

మూడో బొమ్మ జోలికి పోను. దాన్ని ముట్టుకోవద్దు.


దీపం_తెర | ధర్మవరం | నవంబరు 17

మూడో బొమ్మ గురించి నేను చెప్తా. మీ పెద్దమ్మ పాదాలు కొలతకు మించి పెద్దవి. గట్టు దాదాపు కాగితం అడుగునే ఉంది, నువ్వు నేల మీద కూచోని పైకి చూసినావు కాబట్టి మనిషి ఆకాశమంత ఎత్తు లేచింది. మిగతా రెండింట్లోనూ చూడు, అక్కడా పాదాలు పెద్దవే, అక్కడా చూపు కింద నుంచే. ఆగస్టులో పెట్టిన వాటిలో అట్లాంటిది ఒక్కటీ లేదు. అనుకొని చేసినావా?


ఎర్రమట్టి_గీతలు | అనంతపురం | నవంబరు 17

లేదక్కా, ఇప్పుడు మీరు చెప్తేనే చూస్తాండా. గట్టు మీద కూచుంటే వాళ్ళ పాదాలే నా కంటికి దగ్గర. అందరివీ చెప్పుల్లేని పాదాలు, మడమల్లో ఎర్రమట్టి. ముఖాలు ఎండకు సరిగ్గా కనబడలేదు.


ఏడురోడ్ల_స్కెచ్ | కడప | నవంబరు 18

అక్కా, పాదాల కొలత తప్పు. కానీ దిద్దొద్దు. ఆగస్టులో నేను రాసిన మాటకు ఇది అడ్డం పోతాందని నాకు తెలుసు. ఒక్కటి మాత్రం చెయ్యి: సరైన కొలతతో అదే పాదాన్ని రోజూ ఒకటి వెయ్యి. చేతకాక పెద్దదైందా, నువ్వే పెద్దది చేసినావా అనే ప్రశ్న ఎవరూ అడగలేనంతగా పాదం నీ చేతికి రావాల.


డ్రాయింగ్_మాస్టారు | హిందూపురం | నవంబరు 19

అబ్బాయి చెప్పిన మాట నా మాటగా రాసుకో అమ్మాయీ. నేను చేర్చేది ఒక్కటే. పిల్లల పుస్తకానికి ఈ కింది నుంచి చూసే చూపు బాగా కుదురుతుంది, నాలుగేళ్ళ బిడ్డ లోకాన్ని చూసే ఎత్తు అదే. అయితే ప్రతి పేజీలోనూ అదే చూపు పెడితే విసుగొస్తుంది. ఒకటి రెండు చోట్ల చెట్టెక్కి కిందికి చూసినట్టు కూడా వేసి చూడు. చీరల అద్దకాలు లేపాక్షి నుంచి తెచ్చుకున్నావు, బాగుంది. మీ పెద్దమ్మ వాళ్ళు నిజంగా కట్టే పాలియెస్టర్ చీరల మీద ఏ పువ్వులుంటాయో కూడా చూసి రాసిపెట్టుకో.


పుస్తకాల_పని | ప్రొద్దుటూరు | జనవరి 11

చానాళ్ళుగా చదువుతున్నాను, ఇప్పుడే రాస్తున్నాను. ప్రచురణ సంస్థలకు పేజీలు కట్టే పని నాది. ఎర్రమట్టి చెల్లీ, నాకు పంపిన సందేశంలో అదే ప్రచురణకర్త పదహారు పేజీల కథకు బొమ్మలు అడిగారని రాశావు. సంతోషం. అయితే హక్కులన్నీ మావే అన్న ఒక్క వాక్యానికి సరే అని జవాబు పెట్టొద్దు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కులు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతలో, నీ సంతకంతో ఉండాలి. ఏ పుస్తకానికి, ఎన్నాళ్ళు, ఎక్కడి వరకు, ఎంత డబ్బు అన్నీ అందులో రాయించుకో. కాలం రాయకపోతే ఐదేళ్ళని లెక్క, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. రఫ్‌కు కొంత, పూర్తయ్యాక మిగతాది అని డబ్బు విడగొట్టి అడుగు. ఎన్నిసార్లు మార్పులు చేసిస్తావో కూడా రాయాలి. మర్యాదగా అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

ఇంట్లో వాళ్ళకు ఆ ఒప్పందం కాగితం చూపించు. బొమ్మలు వేసుకుంటూ కూచుందనే మాటకూ, ఫలానా తేదీకి పని ఇవ్వాలనే మాటకూ ఇంట్లో విలువ వేరుగా ఉంటుంది.


ఎర్రమట్టి_గీతలు | అనంతపురం | జనవరి 12

అక్కా, చాలా థాంక్స్. కాగితం మీద రాసియ్యమని అడిగినా, పంపుతామన్నారు. మా నాయన ఇంకా బ్యాంకు పరీక్ష మాట ఎత్తుతానే ఉన్నాడు, కానీ నిన్న వేళ్ళ బొమ్మలకు తన చేతులు పెట్టి కూచున్నాడు.

కథ ఒక మేకపిల్లది. పాత్ర పేజీ వేసినా: మేకపిల్ల, పిల్లోడు, అవ్వ, అన్ని వైపుల నుంచీ. పదహారు పేజీలూ అగ్గిపెట్టె సైజులో చిన్న చిన్న రఫ్‌లు వేసుకున్నా. నలుపు, ఎరుపుతో పాటు పసుపు ఒక్కటి చేర్చినా, ఎండ కోసం. ఇప్పుడు రెండు ఇబ్బందులు ఉన్నాయి. మామూలు డ్రాయింగ్ షీట్ మీద సిరా పాకుతాంది. నెట్ సెంటర్‌లో స్కాన్ చేస్తే గీత అంచులు బూడిదగా, రంపం మాదిరి వస్తాండాయి.


బురుజు_నీడ | కర్నూలు | జనవరి 12

కాగితం మార్చు. గట్టి కార్ట్రిడ్జ్ షీట్ అడుగు, కొనేముందు ఒక మూల మీద సిరా గీత గీసి చూడు, అంచు విచ్చుకుంటే ఆ రకం వద్దు. వాటర్‌ప్రూఫ్ ఇండియన్ ఇంక్ వాడు, పైన రంగు పూసినా చెదరదు. వాడిన వెంటనే బ్రష్ కడుగు, ఆ సిరా ఎండితే బ్రష్ గట్టిపడి పనికిరాదు.

స్కాన్ సంగతి. నెట్ సెంటర్‌లో వాళ్ళు 150 లేదా 200 డీపీఐలో (అంగుళానికి ఎన్ని చుక్కలనే లెక్క) పెట్టి ఉంటారు. నల్ల గీత 600లో స్కాన్ చేయమను, జేపెగ్ వద్దు, టిఫ్ ఫైల్ తీసుకో. రంగు పొర విడిగా వేస్తే దానికి 300 చాలు. అచ్చులో గీత ఒట్టి నల్ల సిరాతోనే పడాల, నాలుగు రంగులూ కలిసిన నలుపు అయితే ఒక రంగు ఏ మాత్రం పక్కకు జరిగినా గీత పక్కన నీడ కనబడుతుంది. పేజీ అంచుల దాకా పోయే బొమ్మలకు నాలుగు వైపులా మూడు మిల్లీమీటర్లు ఎక్కువ వెయ్యి, కోసేటప్పుడు పోతుంది. పేజీలు మధ్యలో కుట్టే చోట మేకపిల్ల ముఖం రానీయొద్దు.

పాత్ర పేజీ ఇక్కడ పెట్టు, చూస్తాం.


కొత్త_పెన్సిల్ | నంద్యాల | జనవరి 13

అక్కా, పాత్ర పేజీ నేను కూడా చూడాల. నేను కేసీ కెనాల్ గట్టు మీద బట్టలుతికే వాళ్ళను వేయడం మొదలుపెట్టినా. రేపు ఇక్కడే పెడతా, నాకు కూడా మొహమాటం లేకుండా చెప్పండి. మాస్టారూ, సంక్రాంతి సెలవుల్లో లేపాక్షికి వస్తా. కూచోని గీసుకోవాలంటే పొద్దున మంచిదా, సాయంత్రమా?


డ్రాయింగ్_మాస్టారు | హిందూపురం | జనవరి 13

పొద్దున్నే రా. సెలవుల్లో పది దాటితే జనం నిండిపోతారు, తలెత్తి నిలబడటానికి చోటుండదు. చాప ఒకటి తెచ్చుకో, వెల్లకిలా పడుకుని చూస్తేనే మెడ నొప్పి లేకుండా పైకప్పు అంతా కనబడుతుంది. గుడివాళ్ళను ముందుగా అడిగి కూర్చో, ఫ్లాష్ వేయకు. హిందూపురం బస్టాండులో దిగి ఇక్కడ ఒక సందేశం పెట్టు, నేనూ వస్తాను.